నిప్పులార్పే సిలిండరు - కెప్టెన్ మ్యాన్‌బీ జీవితం

పోయిన ఎండాకాలం సెలవులకి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు దాటి పులివెందుల వైపు తండాకు పోతా ఉంటే, ముద్దనూరు దారిలో మా జీపు ఇంజన్లో పొగ లేచింది. అందరం దూకేశాము. డ్రైవరన్న మట్టి చల్లి ఆర్పాడు. సిలిండరు లేదా అన్నా అని అడిగితే, వెనక మూటల కింద ఉందన్నాడు! అప్పటినుంచి ఆ సిలిండరు గురించి తెలుసుకోవాలనిపించింది.

జార్జ్ విలియం మ్యాన్‌బీ 1765లో ఇంగ్లండులోని డెన్వర్ అనే పల్లెలో పుట్టాడు. కుర్రతనంలో ఒకసారి ఫిరంగి గుండుకు తాడు కట్టి చర్చి మీదుగా అవతలికి పేల్చాడు. అప్పుడది వట్టి అల్లరే. 1803లో గ్రేట్ యార్మత్ అనే సముద్రపు ఊళ్ళో సైనికుల బసలు చూసుకొనే ఉద్యోగంలో చేరాడు. ఒక రకంగా మన వార్డెను సారు పనే!

1807 ఫిబ్రవరిలో పెద్ద తుపాను వచ్చింది. ఒడ్డుకు 60 గజాల దూరంలోనే ‘స్నైప్’ అనే ఓడ ఇరుక్కొని, 60 మందికి పైగా అందరి కళ్ళ ముందే చనిపోయారు. మ్యాన్‌బీకి చిన్ననాటి తాడు గుర్తొచ్చింది. ఓడకు తాడు విసిరే ఫిరంగి తయారుచేశాడు. మరుసటేడే దానితో ‘ఎలిజబెత్’ ఓడలోని ఏడుగురు బతికారు.

1813లో ఎడిన్‌బరో నగరంలో ఇళ్ళు కాలుతుంటే పై అంతస్తులకు నీళ్ళు అందలేదు. అది చూసిన మ్యాన్‌బీ, మనిషి మోయగల రాగి పాత్ర చేయించాడు. కట్టెల బూడిద నుంచి తీసే పొటాషియం కార్బొనేటును నీళ్ళలో కలిపి, మూడు గాలన్లు, అంటే సుమారు 13.6 లీటర్లు పోసి, పైన గాలిని కుక్కాడు. కుళాయి తిప్పితే చాలు, గాలి నెట్టి ద్రావణం చిమ్ముతుంది. ఇంత చేసినా ఆయన చేతిలో డబ్బు నిలవలేదు. ముసలితనంలో అప్పుల పాలై 1854లో కన్నుమూశాడు.

ఇప్పుడు కార్లలో పెట్టే చిన్న సిలిండర్లలో ఎక్కువగా పొడి ఉంటుంది. ముల్లు పచ్చరంగులో ఉంటే ఒత్తిడి సరిగా ఉన్నట్టు. పిన్ను లాగి, మంట మొదట్లోకి కొట్టాలి. పెట్రోలు మంట మీద నీళ్ళు పోయరాదు. పెట్రోలు నీళ్ళపై తేలి మంటను పరుస్తుంది. సిలిండరు చిన్న మంటకే పనికొస్తుంది. మంట పెద్దదైతే దిగి దూరంగా పోవాల్సిందే. 2013 అక్టోబరు 30న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు అంటుకొని 45 మంది చనిపోయిన సంగతి మరువరాదు.

ఓడ 60 గజాల్లోనే ఉన్నా చెయ్యి అందలేదు. మా జీపులో సిలిండరున్నా చేతికి అందలేదు. కాబట్టి అది డ్రైవరు సీటు దగ్గరే ఉండాలి. జీపెక్కే ముందు యాడుందో అడుగుదాం. అట్లనే మన వంటగదిలో సిలిండరుకు అడ్డంగా బియ్యం మూటలు పెట్టకుండా చూసుకుందాం.

- 9వ తరగతి విద్యార్థి