బియ్యం డబ్బా లాంటి చెరువు

ఇంట్లో బైపీసీ చదివే పిల్లలుంటే లిండెమన్ పేరు మీ చెవిన పడే ఉంటుంది. పది శాతం సూత్రమని బట్టీ పడుతుంటారు. ఆ లిండెమన్ ఇరవై ఏడేళ్లు నిండకుండానే పోయాడని చాలామందికి తెలీదు.

రేమండ్ లిండెమన్ 1915లో అమెరికాలోని మిన్నెసోటాలో ఓ రైతు ఇంట పుట్టాడు. చిన్నతనంలోనే ఒక కన్ను దెబ్బతింది. దానికి తోడు కాలేయం జబ్బు. అటువంటి మనిషి డాక్టరేటు కోసం ఎంచుకున్నది మీటరు లోతున్న, పూడిపోతున్న సెడార్ బాగ్ అనే చిన్న చెరువును! చలికాలంలో అది పైన గడ్డకట్టుకుపోతుంది. సుమారు అయిదేళ్లు ఆ చెరువుతోనే గడిపాడు. పక్కన భార్య ఎలినార్. చెరువు దగ్గర పనిలో ఆమె చెయ్యి కూడా ఉంది. సూత్రానికి మాత్రం ఒక్క పేరే మిగిలింది, మామూలే కదండీ.

ఇంతకీ ఆయన లెక్కేమిటి? నీళ్లలో కంటికి ఆనని నాచు, పురుగులు తేలుతుంటాయి. ప్లవకాలంటారు. వాటిని పట్టి ఎంతున్నాయో చూడొచ్చు. కానీ ఎంత పెరిగాయి? బియ్యం డబ్బాలో ఇవాళ రెండు కిలోలుంటే, నెలకు రెండు కిలోలే వచ్చాయని ఏ ఇల్లాలూ అనదు. వండింది, పెట్టింది, పురుగు పట్టి పారబోసింది కలపాలి. ఆయనా అంతే చేశాడు. చెరువులో ఉన్నదానికి, ఊపిరికి ఖర్చయిందీ, ఒకదాన్నొకటి తిన్నదీ, చచ్చి కుళ్లిందీ కలిపి, అంతా కేలరీల్లోకి మార్చాడు. ఏడాదికి చదరపు సెంటీమీటరుకు మొక్కలూ నాచూ చేసింది 111 కేలరీలు. వాటిని తిన్నవాటికి దక్కింది సుమారు 15. వీటిని తిన్నవాటికి 3. శాతాల్లో ఆయన వేసినవి 13, 22. చూశారా, పది ఎక్కడా లేదు! అది తర్వాతివాళ్లు గుర్తుండడానికి గుండుగా చేసుకున్న అంకె.

డాక్టరేటు అయ్యాక యేల్ విశ్వవిద్యాలయంలో హచిన్సన్ దగ్గర చేరి, ఇదంతా వ్యాసంగా రాసి ‘ఎకాలజీ’ పత్రికకు పంపాడు. పరిశీలించిన ఇద్దరు పెద్దలూ వద్దన్నారు. వాళ్లలో జుడే అనే ఆయన జీవితమంతా చెరువులు కొలిచినవాడు. ఇంత చిన్న ఆధారంతో అంత పెద్ద సిద్ధాంతమా అని ఆయన అభ్యంతరం. తమాషా ఏమిటంటే, పోల్చి చూడడానికి కుర్రవాడు వాడుకున్న మెండోటా సరస్సు లెక్కలు ఆ జుడేవే. హచిన్సన్ పట్టుబట్టి సంపాదకుడికి రాశాడు. 1942లో సంపాదకుడు థామస్ పార్క్ సరేనన్నాడు.

అప్పటికే జబ్బు ముదిరింది. ఇక చెరువు దగ్గరికి వెళ్లలేనేమోనని ఆయనకూ తెలుసు. ఆ జూన్ 29న కన్నుమూశాడు. వ్యాసం అక్టోబరు సంచికలో వచ్చింది. దాని చివర, రాసినవాడు ఇక లేడంటూ హచిన్సన్ రాసిన నాలుగు ముక్కలు చేర్చారు.