గోదావరి ఒడ్డు చిత్రకారుడు దామెర్ల రామారావు

పురాణాల్లోని మునుల్ని, రాకుమారుల్ని మనలో ఎవ్వరూ చూడలేదు. మరి చూడనివాళ్ళ బొమ్మ వెయ్యడం ఎలా? ఆ పని చేసి చూపించిన గొప్ప తెలుగు చిత్రకారుడు దామెర్ల రామారావు గారు.

ఆయన 1897 మార్చి 8న రాజమండ్రిలో జన్మించారు. చిన్నప్పటి నుంచీ బొమ్మలంటే ప్రాణం. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ఆ కుర్రవాడి చేతిలోని విద్యను గుర్తించారు. ఆయన ప్రోత్సాహంతోనే రామారావు గారు అజంతా, ఎల్లోరా గుహలు చూశారు. 1916లో బొంబాయి వెళ్ళి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు.

చెయ్యి ఎత్తితే భుజం ఎలా కదులుతుంది? ఒంటికాలి మీద బరువు వేస్తే నడుము ఎటు వంగుతుంది? ఇవి మనిషిని ఎదురుగా చూసి గీస్తేనే వస్తాయి. అలా గీసి గీసి ఆయన నింపిన స్కెచ్ పుస్తకాలే 28 ఉన్నాయి. పురాణ పురుషులకు ప్రాణం వచ్చింది ఆ పుస్తకాల నుంచే.

ఆయన చిత్రాల్లో పేరుపొందినది ‘ఋష్యశృంగ బంధనం’. ఋష్యశృంగుడు అడవిలో తండ్రిని తప్ప వేరే మనిషిని ఎరగకుండా పెరిగాడు. అంగదేశంలో కరువొచ్చింది. అతను అడుగు పెడితే వాన పడుతుందని రాజు స్త్రీలను పంపి రప్పించాడు. వాన పడింది, రాజ్యం సంతోషించింది. కానీ చిత్రం పేరులో ‘బంధనం’ అని ఉంది చూడండి! అడవిని వదిలి వచ్చిన ఆ కుర్రవాడి మనసు ఎలా ఉందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

1923లో రామారావు గారు రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టారు. ఆయన భార్య సత్యవాణి గారు కూడా బొమ్మలు వేశారు. అంతా బాగుంది అనుకుంటుండగా మశూచి సోకి 1925 ఫిబ్రవరి 6న ఆయన కన్నుమూశారు. అప్పటికి ఇంకా 28 ఏళ్ళు నిండలేదు. ఎంత అన్యాయం! టీకాల వల్ల మశూచి లోకంలో లేకుండా పోయిందని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఆయన కాలానికి ఆ అదృష్టం లేకపోయింది.

మిత్రుడు వరదా వెంకటరత్నం గారు ఆ కళాశాలను నిలబెట్టారు. రామారావు గారి చిత్రాలు రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న ఆర్ట్ గ్యాలరీలో ఉన్నాయి.

మన పాత నోటుపుస్తకాల్లో ఖాళీ పేజీలు ఎన్నో మిగిలిపోతాయి. భీముణ్ణి గీయాలనుందా? ముందు నీళ్ళ బిందె మోసే మనిషిని చూసి గీయండి. భీముడి భుజాలు వాటంతట అవే వస్తాయి.