తన్ను తాను పరీక్షించుకున్న నాయకుడు: బిషప్ అజరయ్య



తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లు నడిపేవారు, కందుల వ్యాపారం చేసేవారు, వికారాబాద్‌లో దుకాణాలు నడిపేవారు మన సంఘాల్లో ఉన్నారు. పదిమంది చేత పని చేయించే ప్రతివారూ నాయకులే. లాభనష్టాల లెక్క రాత్రికి రాత్రే చూసుకుంటాం. మన మాట తీరు, మన కోపం, మన పక్షపాతం లెక్క ఎప్పుడు చూసుకుంటాం? అవి మనకు కనబడకపోయినా మన దగ్గర పనిచేసేవారికి రోజూ కనబడుతూనే ఉంటాయి. ఈ విషయంలో దోర్నకల్ బిషప్ అజరయ్య జీవితం మనకు మంచి పాఠం.

సికింద్రాబాద్ నుంచి తాండూరు మీదుగా వాడికి రైలు మార్గం పడిన 1874లోనే, తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలై గ్రామంలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య పుట్టారు. తండ్రి గ్రామ సంఘ కాపరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు గాని డిగ్రీ చేతికి రాలేదు. 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా చేరి దక్షిణ భారతమంతా తిరిగారు. మంచి పేరు వచ్చింది.

1902లో ఆయన జాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు సొంత ఖర్చుతో సువార్త పని చేయడం చూశారు. అంతకంటే పెద్దదైన తన తిరునెల్వేలి సంఘం ఆ పని చేయడం లేదని గ్రహించి సిగ్గుపడ్డారు. ఆ సిగ్గును ఇతరుల మీద విమర్శగా మార్చలేదు. మరుసటి ఏడాదే స్నేహితులతో కలిసి తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. ఆ సొసైటీ తన పనికి నైజాం రాజ్యంలోని దోర్నకల్ ప్రాంతాన్ని ఎంచుకుంది.

అయినా ఆయనకు మనశ్శాంతి లేదు. ఇతరులను వెళ్లమని చెప్పే తాను ఎందుకు వెళ్లకూడదనే ప్రశ్న వెంటాడింది. 1909లో, 35వ ఏట, కార్యదర్శి పదవి వదిలి, గురుత్వాభిషేకం పొంది దోర్నకల్ చేరారు. అక్కడి భాష ఆయనది కాదు. గొప్ప వక్త మళ్లీ విద్యార్థి అయి తెలుగు నేర్చుకున్నారు.

1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో విదేశీ మిషనరీల ముందే ఒక చేదు నిజం చెప్పారు. వారి త్యాగాన్ని మెచ్చుకుంటూనే, భారతీయ సహోదరులతో సమానమైన స్నేహం మాత్రం కరువైందన్నారు. సభలో చాలామంది నొచ్చుకున్నారు.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. ఇప్పుడు అధికారం ఆయన చేతికే వచ్చింది. ఎడిన్‌బరోలో ఇతరులను అడిగిన ప్రశ్న తన మీదికే తిరిగింది. తన కింద ఉన్నవారికి తాను స్నేహితుడా, దొరా? ఎడ్లబండి మీద పల్లె పల్లె తిరిగి, మాల మాదిగ వాడల్లో కూర్చుని ఆయన జవాబిచ్చారు. కొత్త విశ్వాసులను సహాయం అందుకునేవారిగా చూడలేదు. ప్రతి ఒక్కరూ సాక్షి కావాలన్నారు. వండే ముందు పిడికెడు బియ్యం దేవునికి తీసిపెట్టే అలవాటును ప్రోత్సహించారు. క్రమశిక్షణలో మాత్రం గట్టివారు. ఆయన కాలంలో ఆ అధ్యక్ష మండల క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

1939లో ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ కతీడ్రల్ కూడా ఆ మనసుకు గుర్తే. ఇంగ్లండు గుడికి నకలు కాకుండా, గుమ్మటాలతో, మన దేశపు పనితనం కనిపించే స్తంభాలతో దాన్ని కట్టించారు. 1945 జనవరి 1న ఆయన ప్రభువునందు నిద్రించారు. ఆయన ఎంతో పాటుపడిన దక్షిణ ఇండియా సంఘ ఐక్యత 1947లో నెరవేరింది.

ప్రియులారా, అజరయ్య చేసిన పని మనమూ చేయవచ్చు. ఎదుటివారిలో లోపం కనబడినప్పుడు ముందు అది మనలో ఉందేమో చూడాలి. పనివారికి చెప్పే మాట మనం పాటిస్తున్నామా అని అడగాలి. నిజం చెప్పే ఒకరిద్దరిని దగ్గర ఉంచుకుని, వారు చెప్పినప్పుడు కోప్పడకుండా వినాలి. మన మీద ఆధారపడినవారి కూలి మాత్రమే కాదు, వారి గౌరవం కూడా మన చేతిలో ఉంది. తన హృదయాన్ని పరిశోధించమని దావీదు 139వ కీర్తనలో దేవుణ్ణి వేడుకున్నాడు. అతడు రాజై ఉండి ఆ ప్రార్థన చేశాడని మరువకండి. ఈ వారం దుకాణం తాళం తీసే ముందు మనమూ ఆ ప్రార్థన చేద్దాం.