నాటక పితామహుడు ధర్మవరము రామకృష్ణమాచార్యులు

చిత్రావతీ నదికి సమీపమున నున్న ధర్మవరము పేరు వినగానే మనకు పట్టుచీరలు జ్ఞప్తికి వచ్చును. ఆ యూరి పేరే ఇంటిపేరుగా గల యొక మహనీయుడు తెలుగు నాటకమును కన్నీటితో ముగించుటకు సాహసించెను. ఆయనయే ఆంధ్ర నాటక పితామహుడని బిరుదందిన రామకృష్ణమాచార్యులు.

ఆచార్యులవారు 1853వ సంవత్సరమున పండిత వంశమునందు జన్మించిరి. సంస్కృతాంధ్రములతోపాటు కన్నడమును, ఆంగ్లమును అభ్యసించి, న్యాయవాదియై బళ్ళారిలో స్థిరపడిరి. వేషము కట్టుట పెద్దమనుష్యులకు తగదని పలువురు తలచుచున్న కాలమది. అయినను ఆయన సరసవినోదిని సభను నెలకొల్పి, తామే నాటకములు వ్రాసి, తామే వేషము ధరించి రంగమెక్కిరి. 1887లో వారి చిత్రనళీయము బళ్ళారిలో ప్రదర్శింపబడెను. ఆయన మొత్తము సుమారు ముప్పది నాటకములు రచించిరి.

ఆయన నాటకములలో పద్యములు, పాటలు విరివిగా నుండును. దుఃఖించువాడు సైతము రాగము తీయుట అసహజమని విమర్శకులు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణలో కొంత నిజము లేకపోలేదు. కాని జనులు ఆ పాటల కొరకే మరల మరల వచ్చిరి.

ఇక ఆయన చేసిన సాహసమును గూర్చి చెప్పవలెను. సారంగధరుని కథ తెలుగువారికి చిరపరిచితము. రాజమహేంద్రవరమును ఏలిన రాజరాజనరేంద్రుని చిన్నభార్య చిత్రాంగి సవతి కుమారుడగు సారంగధరుని మోహించెను. పావురము కొరకు తన మేడకు వచ్చిన ఆ కుమారుడు ధర్మము విడువక ఆమెను తిరస్కరించెను. అంతట ఆమె మోహము భయముగను, భయము అసత్యముగను మారెను. రాజు విచారింపకయే కన్నకొడుకు కాలుసేతులు నరికింప నాజ్ఞాపించెను. సిద్ధుని మహిమచే సారంగధరునకు అవయవములు మరల వచ్చెనని ప్రాచీన కథ ముగియును. వినువారి మనస్సు కుదుటపడును.

ఆచార్యులవారు దీనిని విషాద సారంగధరము అను నాటకముగా వ్రాసి, శోకముతోనే ముగించిరి. నాటకము శుభాంతముగా నుండవలెనన్న మన ప్రాచీన సంప్రదాయమునకు ఇది విరుద్ధము. ఆంగ్లమున షేక్స్‌పియరు నాటకములు చదివినవారికిది వింత కాదు. రాజ్యకాంక్షచే రాజును చంపిన మాక్బెత్తునకు నిద్ర కరవగును. అతని భార్య లేని నెత్తురును చేతినుండి కడుగుకొనుచుండును. తెలుగు ప్రేక్షకులకు మాత్రము ఇట్టి ముగింపు కొత్త. తెగిన చేతులు మరల మొలచినచో రాజునకు పశ్చాత్తాపము గడియసేపటి బాధ మాత్రమే. మొలవనిచో అది జన్మాంతము వెంటాడును. పరిశీలించి చూడగా ఈ నాటకమున మిక్కిలి జాలిగొలుపువాడు కుమారుడు కాదు, తండ్రియే యని నాకు తోచును.

ఇట్టి కథలు ఆచార్యులవారు పుట్టిన సీమకు కొత్తవి కావు. ధర్మవరమునుండి దక్షిణముగా పోయినచో పెనుకొండ, దానికవతల హిందూపురము వచ్చును. 1524 ప్రాంతమున చిన్న యువరాజు మరణింపగా, విషప్రయోగమని శంకించి శ్రీకృష్ణదేవరాయలు వృద్ధమంత్రి తిమ్మరుసు కన్నులు తీయించెను. తిమ్మరుసు చివరిదినములు పెనుకొండలోనే గడచెననియు, రాయలు పిదప పశ్చాత్తాపమున క్రుంగెననియు జనశ్రుతి. హిందూపుర ప్రాంతమందలి లేపాక్షిలో, రాజాగ్రహమునకు వెరచి తన కన్నులను తానే పెరికి గోడకు విసరిన విరుపణ్ణ కథను నేటికిని చెప్పుదురు. గోడమీది ఎఱ్ఱని మరకలను చూపుదురు. ఆ కన్నులు మరల వచ్చినట్లు ఎవరును చెప్పరు.

1891లో సరసవినోదిని సభ చెన్నపట్టణమున నాటకములాడెను. వానిని చూచిన పమ్మళ్ సంబంధ మొదలియారు అను పదునెనిమిదేండ్ల తమిళ యువకుడు ముగ్ధుడై, ఆ యేడే సుగుణవిలాస సభను స్థాపించెను. తరువాత ఆయన షేక్స్‌పియరు నాటకములను తమిళమునకు తెచ్చెను. బళ్ళారిలోనే మరియొక న్యాయవాది కోలాచలం శ్రీనివాసరావుగారు సుమనోరమ సభను నడపిరి. రెండు సభలకును పోటీ యుండెడిది. ఆ పోటీవలన తెలుగువారికి నష్టము కలుగలేదు.

ఆచార్యులవారు 1912 నవంబరు 30న కీర్తిశేషులైరి. వారి మేనల్లుడు బళ్ళారి రాఘవ 1880లో తాడిపత్రిలో జన్మించి, మేనమామవలెనే న్యాయవాదియై, నటుడునై 1946 వరకు జీవించెను. తెలుగు పాత్రలతోపాటు షేక్స్‌పియరు పాత్రలను కూడ ఆయన ఆంగ్లముననే ధరించి మెప్పించెను.