బండి విప్పి నేర్చుకున్న నాయుడు

మీ రెజ్యూమె అడుగున ‘హాబీలు’ అని ఒక లైను ఉంటుంది. పాటలు వినడం, క్రికెట్ ఆడటం, పుస్తకాలు చదవడం అని అందరం అక్కడ అవే రాసేస్తాం. కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో మీ ఇంట్లో అల్మారా మీద సన్‌బోర్డుతో చేసిన లారీ ఉండొచ్చు. రంగు మార్చిన బొమ్మ కారు, పెద్ద చక్రాలు బిగించిన చిన్న జీపు ఉండొచ్చు. వాటి సంగతి మాత్రం రాయరు. ఇంత వయసొచ్చాక బొమ్మ కార్లేంటి అంటారేమోనని మొహమాటం. ఇంట్లోవాళ్లు ఆ మాట ఇప్పటికే ఓ పదిసార్లు అనేసి కూడా ఉంటారు.

అలాంటి మొహమాటం ఉన్నవాళ్లు జి.డి.నాయుడు జీవితం ఒకసారి చదవాలి. పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో ఓ రైతు ఇంట్లో పుట్టారు. ఇంట్లో మాట్లాడే భాష తెలుగు. తరాల కిందట తమిళనాడులో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో వాళ్లదీ ఒకటి. ఆయన స్కేల్ మోడళ్లు చేసిన మనిషి కాదు, నేరుగా అసలు బండ్లనే విప్పారు. కానీ బొమ్మ కారు ముందు స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నప్పుడు మీరు చేసే పని ఏదో, ఆయన బతుకంతా చేసిన పని కూడా అదే. విప్పడం, అర్థం చేసుకోవడం, మార్చడం, మళ్లీ బిగించడం.

బడి ఆయనకు పడలేదు. ప్రైమరీ చదువు కూడా పూర్తి కాలేదు. పొలం పనుల్లో ఉండగా ఓ రోజు బ్రిటిష్ అధికారి ఒకాయన మోటార్ సైకిల్ మీద ఆ దారిన వెళ్లారు. అది రడ్జ్ కంపెనీ బండి. ఎద్దులూ గుర్రాలూ లాగకుండా తనంతట తాను పోయే బండి ఆ పల్లెవాళ్లకి వింతే. అందరూ చూసి ఎవరి పని వాళ్లు చూసుకున్నారు. ఈ కుర్రాడికి మాత్రం లోపల ఏముందో చూడాలనిపించింది. చూడాలంటే కొనాలి, కొనాలంటే డబ్బులు కావాలి. కోయంబత్తూరు వెళ్లి ఒక హోటల్లో సర్వర్‌గా చేరారు. జీతంలో మిగిల్చి మిగిల్చి, చివరికి ఆ అధికారి దగ్గరే 300 రూపాయలకు ఆ బండి కొన్నారు. కొని ఊరంతా తిరగలేదు. ఇంటికి తెచ్చి ముక్కలు ముక్కలుగా విప్పేశారు. తర్వాత మళ్లీ బిగించారు.

ఇక్కడ కాసేపు ఆగుదాం. విప్పడం ఎవరైనా విప్పుతారు. మా ఇంజినీరింగ్ క్లాసులోనూ ల్యాబ్‌లో ఇంజిన్ విప్పడానికి ముందుకొచ్చేవాళ్లు చాలామందే. బిగించేటప్పటికి గదిలో ముగ్గురు మిగిలేవాళ్లు. ఏ నట్టు ఎక్కడిది, ఏది ముందు, ఏది తర్వాత, చివర్లో చేతిలో మిగిలిపోయిన ఆ వాషరు ఎక్కడిది! అసలు పాఠం అక్కడే మొదలవుతుంది. నాయుడి చేతిలో సర్వీస్ మాన్యువల్ లేదు, యూట్యూబ్ లేదు, పక్క వీధిలో మెకానిక్ షాపు లేదు. ఒక్క సిలిండరు ఉన్న ఆ ఇంజిన్‌లో పిస్టన్, వాల్వులు, కార్బ్యురేటరు, స్పార్క్ ఇచ్చే మాగ్నెటో ఒకదాన్ని చూసి ఒకటి ఎలా పని చేస్తాయో చేతితోనే తెలుసుకోవాలి.

మీ బొమ్మ కారు దగ్గర కూడా ఇదే వరస. చిన్న డైకాస్ట్ కారు తిరగేస్తే అడుగున రెండు రివెట్లు కనిపిస్తాయి. సన్న డ్రిల్ బిట్‌తో వాటి తలలు తీసేస్తే బాడీ, అద్దాలు, సీట్ల ముక్క, ఛాసిస్, చక్రాలు విడివిడిగా వచ్చేస్తాయి. పాత పెయింట్ తీయాలి. అద్దాల ప్లాస్టిక్ ముందే పక్కన పెట్టకపోతే పెయింట్ రిమూవర్‌కి అది కరిగి పాడైపోతుంది. తర్వాత ప్రైమరు, దాని మీద పల్చగా రెండు మూడు కోటింగులు. ఒకేసారి దట్టంగా కొడితే కారిపోయి డోరు గీతలు పూడుకుపోతాయి. అసలు కష్టం కొలతలది. 4 మీటర్ల కారుని 1:24 స్కేల్‌లో చేస్తే సుమారు 16.7 సెంటీమీటర్లు వస్తుంది. 1:64లో అయితే 6 సెంటీమీటర్ల పైన ఇంకాస్త, అంతే. 1:24లో మీరు 1 మిల్లీమీటరు తప్పితే అసలు కారులో 24 మిల్లీమీటర్లు తప్పినట్టు. చక్రం గార్డుకి ఎందుకు రాసుకుంటోందో అప్పుడు తెలుస్తుంది. టాలరెన్స్ అనే మాట పరీక్షలో రెండు మార్కులకు రాసినప్పటికంటే ఇక్కడ బాగా అర్థమవుతుంది.

మళ్లీ నాయుడి దగ్గరికి వద్దాం. బండి బాగుచేయడం వచ్చాక మెకానిక్ పని మొదలుపెట్టారు. తర్వాత పత్తి వ్యాపారంలో కూడా దిగారు, అది ఆయనకు అచ్చిరాలేదు. మళ్లీ ఇంజిన్ల దగ్గరికే వచ్చారు. కోయంబత్తూరులో పేరున్న పారిశ్రామికవేత్త రాబర్ట్ స్టేన్స్ ఆయన చేతి పని చూసి సాయం చేశారు. 1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి, పళని మధ్య నడపడం మొదలుపెట్టారు. నడిపింది ఆయనే, పాడైతే బాగుచేసింది ఆయనే. ఆ ఒక్క బస్సు కొన్నేళ్లలో యూఎంఎస్ అనే పెద్ద రవాణా సంస్థ అయింది. టైముకి బస్సు రావడం అనే అలవాటుని ఆ ప్రాంతానికి నేర్పిన సంస్థ అది. బస్సు నడపాలంటే రోజూ విప్పి బిగించక తప్పదు. ఆయన వర్క్‌షాపు అలా పెద్దదైంది.

నాయుడి కథ చెప్పేవాళ్లు చాలామంది చదువు మానేసి గొప్పవాడయ్యాడు అన్న దగ్గరే ఆగిపోతారు. నాకు అది నచ్చదు. ఆయన బడి మానేశారు కానీ చదువు మానలేదు. 1930ల్లో యూరప్ వెళ్లారు, ఫ్యాక్టరీలు చూశారు, యంత్రాలు తెచ్చుకున్నారు. కెమెరా అంటే పిచ్చి. 1936లో లండన్‌లో ఐదో జార్జి చక్రవర్తి అంతిమయాత్రని ఫిల్మ్ మీద తీసుకున్నారు. పైగా అన్నీ ఒంటరిగా చేయలేదు. బస్సుకి స్టేన్స్ ఉన్నట్టే, మోటారుకి డి.బాలసుందరం నాయుడు ఉన్నారు.

ఆ మోటారు సంగతి మన వైపువాళ్లు తప్పక తెలుసుకోవాలి. 1937లో కోయంబత్తూరు పక్కన పీలమేడులోని వాళ్ల ఫ్యాక్టరీ నుంచి ఎలక్ట్రిక్ మోటారు ఒకటి బయటికి వచ్చింది. దేశంలోనే తయారైన మొదటి మోటారుగా దాన్నే చెప్తారు. ఆ తర్వాత కోయంబత్తూరు మోటార్లకీ పంపుసెట్లకీ పెట్టింది పేరయింది. ఎల్లారెడ్డి వైపు మీకు పొలం ఉంటే, ఈసారి వెళ్లినప్పుడు బోరు మోటారు మీద ఉన్న రేకు చదవండి. అందులో కోయంబత్తూరు అని కనిపిస్తే ఆశ్చర్యపోకండి. టెక్స్‌మో, సీఆర్ఐ లాంటి కంపెనీలన్నీ ఆ ఊరివే.

బొమ్మ కార్లు చేసేవాళ్లకి ఇంకా దగ్గరగా అనిపించే వస్తువు మరొకటి ఉంది. నాయుడు ‘రసంత్’ అనే ఎలక్ట్రిక్ రేజరు చేశారు. అందులో ఉన్నది డ్రై సెల్స్‌తో తిరిగే చిన్న మోటారు. మీ బొమ్మ జీపులో పెట్టే మోటారుకి అది దగ్గరి చుట్టమే. చిన్న మోటారుని చూసి మనకు చక్రం గుర్తొస్తుంది, ఆయనకు గడ్డం గుర్తొచ్చింది. ఒక విషయం చేతికి వచ్చాక దాన్ని ఇంకెక్కడ వాడొచ్చు అని ఆలోచించడం ఆయనకు అలవాటు. పల్చటి షేవింగ్ బ్లేడ్లు, పళ్లరసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, మోసం చేయడానికి వీల్లేని ఓటు యంత్రం, అన్నీ అలా వచ్చినవే. పొలంలో బొప్పాయి, పత్తి మీద కూడా ప్రయోగాలు చేశారు. అందరికీ అందే ధర పెట్టడం మరో పట్టుదల. 1941లో ఐదు వాల్వుల రేడియోని 70 రూపాయలకే ఇవ్వగలనని ప్రకటించారు.

కార్ల పిచ్చి ఉన్నవాళ్లకి గుండె కలుక్కుమనే ఏడాది 1952. రెండు సీట్ల పెట్రోలు కారుని 2,000 రూపాయల ధరతో నాయుడు బయటికి తెచ్చారు. కారు నడిచింది. కానీ తయారు చేసి అమ్ముకోవడానికి ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. అప్పట్లో ఏ ఫ్యాక్టరీ ఏం చేయాలన్నా ఢిల్లీ అనుమతి ఉండాల్సిందే. దాంతో ఆ కారు అక్కడే ఆగిపోయింది. లక్ష రూపాయల చిన్న కారు గురించి 2008లో దేశమంతా మాట్లాడుకుంది కదా, ఆ ఆలోచన అప్పటికే 56 ఏళ్ల పాతది. ప్రతిభ ఉంటే చాలు అన్నీ అవే వస్తాయని చెప్పేవాళ్లకి ఈ ఒక్క సంగతి సరిపోతుంది. ప్రతిభ ఉంది, డబ్బుంది, ఫ్యాక్టరీ ఉంది, నడిచే కారు ఉంది, కాగితం రాలేదు.

చదువు దగ్గర కూడా ఆయనకు ఇలాంటి దెబ్బే తగిలింది. 1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్ రావడానికి ఆయనే ముఖ్య కారణం. దాంతోపాటు మొదలైన ఇంజినీరింగ్ కాలేజీ ఈ రోజు ప్రభుత్వ సాంకేతిక కళాశాల, జీసీటీగా పేరున్నది. ప్రైమరీ పూర్తి చేయని మనిషి వాటికి ప్రిన్సిపాల్! నాలుగేళ్ల కోర్సులో సగం కాలం వృథా, రెండేళ్లలో నేర్పొచ్చు అన్నది ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఆయన తప్పుకున్నారు. నాలుగేళ్లు చదివిన నాకు ఆ వాదన పూర్తిగా ఎక్కదు. మ్యాథ్స్, థర్మోడైనమిక్స్ రెండేళ్లలో అరగవు. కానీ నాలుగేళ్లలో మనం స్పానర్ పట్టిన గంటలు లెక్కేస్తే ఆయన కోపం ఎందుకో అర్థమవుతుంది.

మరి మీ అల్మారా మీది కార్లకి ఈ రోజు ఉద్యోగంతో ఏం సంబంధం? అమెరికాలో ఫిషర్ బాడీ అనే సంస్థ కుర్రాళ్లకి మోడల్ పోటీలు పెట్టేది. 1930లో మొదలై 1968 దాకా సాగాయి. బొమ్మ కారు బాగా చేసినవాళ్లకి చదువుకి స్కాలర్‌షిప్పులు ఇచ్చేవాళ్లు. 1947లో గెలిచిన చక్ జోర్డాన్ తర్వాత జనరల్ మోటార్స్‌లో డిజైన్ విభాగానికే అధిపతి అయ్యారు. కార్ల కంపెనీల డిజైన్ స్టూడియోల్లో ఇప్పటికీ బంకమన్ను మోడళ్లు చెక్కే క్లే మోడలర్లు ఉన్నారు. కంప్యూటర్‌లో గీసిన వంపు చేతికి ఎలా తగులుతుందో చూడటానికి ఇంకా మట్టి కావాలి.

మన దగ్గర దారులు లేకపోలేదు. డిగ్రీ ఉన్నవాళ్లు సీఈఈడీ రాసి ఐఐటీల్లో ఎం.డిజైన్‌కి వెళ్లొచ్చు. సంగారెడ్డి దగ్గర కంది క్యాంపస్‌లో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌లోనూ డిజైన్ విభాగం ఉంది. టూల్ డిజైన్ మీద మనసుంటే హైదరాబాద్ బాలానగర్‌లో సీఐటీడీ ఉంది. రాయదుర్గంలో 2023లో తెరిచిన టీ-వర్క్స్‌లో త్రీడీ ప్రింటర్లు, లేజర్ కటింగ్ యంత్రాలు ఉన్నాయి. చిన్న మోటార్లు, గేర్లు, సెల్స్ కావాలంటే కామారెడ్డిలో కాచిగూడ వెళ్లే రైలెక్కండి. అక్కడి నుంచి కోఠీ గుజరాతీ గల్లీ దగ్గరే.

ఇక రెజ్యూమె సంగతి. మోడల్ కార్లు చేయడం అని ఒక్క ముక్క రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఏ స్కేల్, ఏ మెటీరియల్, ఏం మార్చారు, ఏది పాడైతే ఎలా సరిచేశారు, ఎంత ఖర్చయింది అనేవి రెండు లైన్లలో రాయండి. విప్పినప్పుడు, సగం పనిలో, పూర్తయ్యాక తీసిన ఫొటోలు ఫోన్‌లో ఒక ఫోల్డరులో పెట్టుకోండి. సగం పనిలో తీసినవే ముఖ్యం. ఇంటర్వ్యూలో ఎదుటివాళ్లు ప్రశ్నలడిగేది వాటి మీదే. రంగులేసి మెరిసే ఫొటో ఒక్కటే చూపిస్తే కొని తెచ్చారనుకోవచ్చు.

నాయుడు 1974 జనవరి 4న కన్నుమూశారు. 2025 అక్టోబరులో కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద 10 కిలోమీటర్ల పొడవైన ఫ్లైఓవరు తెరిచి దానికి ఆయన పేరు పెట్టారు. అదే రోడ్డులో ఆయన చేసినవీ సేకరించినవీ ఉంచిన ప్రదర్శనశాల, కుటుంబం నడిపే జీడీ కార్ మ్యూజియం ఉన్నాయి. సికింద్రాబాద్ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్ కోయంబత్తూరు మీదుగానే వెళ్తుంది. ఎప్పుడైనా వెళ్తే పాత కార్ల పక్కన నిలబడి సెల్ఫీ తీసుకుని వచ్చేయకండి. ఒకసారి వంగి, ఛాసిస్‌కి బాడీని ఎక్కడెక్కడ బిగించారో చూడండి. మీ తర్వాతి మోడల్‌కి పనికొస్తుంది.