హెన్రీ డార్సీ

అనంతపురము జిల్లాలోని ఉరవకొండ సీమ వానచుక్కకై ఆకాశమువంక చూచుచుండు మెట్టభూమి. వేసవి వచ్చినదనగా సమీపమునందలి పెన్నానది యెండి, ఇసుకతిన్నెలు మాత్రమే కన్పట్టును. అయినను ఆ ఇసుకలో చెలమ త్రవ్వినచో కొంతతడవునకు అడుగున తేటనీరు ఊరును. పైకి కానరాని ఆ నీరు ఇసుకరేణువుల నడిమి సందులగుండ మెల్లమెల్లగా ప్రాకి చెలమను చేరుచున్నది. ఇసుక ఆ నీటిని ఎంతవఱకు అడ్డగించును? ఎంత ఒత్తిడి కలిగించినచో ఎంత నీరు దానిగుండ సాగును? ఈ ప్రశ్నలకు ప్రయోగపూర్వకముగా సమాధానము కనుగొని లోకమునకు తెలిపిన మహనీయుడు హెన్రీ డార్సీ.

డార్సీ 1803 జూను 10వ తేదీన ఫ్రాన్సు దేశమందలి డిజోన్ నగరమున జన్మించెను. పదునాలుగేండ్ల ప్రాయముననే ఆతనికి పితృవియోగము సంభవించెను. తల్లి అధైర్యపడక, అప్పుచేసి కుమారునకు విద్య చెప్పించెను. ఆమె శ్రమ వృథా కాలేదు. డార్సీ 1821లో పారిస్ నగరమందలి పాలిటెక్నిక్ విద్యాలయమున చేరెను. పిదప వంతెనలు, రహదారుల నిర్మాణమును బోధించు విద్యాలయమున చదివి ఇంజనీరై, స్వస్థలముననే ఉద్యోగమున ప్రవేశించెను.

ఆ కాలమున డిజోన్ నగరవాసుల నీటికష్టము ఇంతింత యనరానిది. ఊరినడుమ ప్రవహించు సుజోన్ అను ఏరు మురికికాలువగా మారియుండెను. బావులనీరు త్రాగుటకు యోగ్యముగా లేకుండెను. 1829లో లోతైన బోరుబావి త్రవ్వ మొదలిడిరిగాని, అది ఊరి అవసరమును తీర్చజాలదయ్యెను. అప్పుడు డార్సీ దూరముననున్న రోజ్వార్ అను ఊటపై దృష్టి నిలిపెను. ఆ నీటిని నగరమునకు తెచ్చు విధమును వివరించి 1834లో ఒక ప్రణాళికను సమర్పించెను.

కొన్నియేండ్ల నిరీక్షణానంతరము 1839లో పని ఆరంభమయ్యెను. పైకప్పుగల కాలువను 12.7 కిలోమీటర్ల పొడవున నిర్మించిరి. యంత్రసహాయము లేకయే నేల వాలునుబట్టి నీరు ప్రవహించి, 1840 సెప్టెంబరు మాసమున నగరపు జలాశయమును చేరెను. నిమిషమునకు 8,000 లీటర్ల నీరు ఆ కాలువలో పారెను. పిమ్మట 28 కిలోమీటర్ల పొడవు గొట్టములు పఱపి, వీథివీథిని కుళాయిలు నెలకొల్పిరి. కడవెడు నీటికై కాచుకొనియుండిన పేదలకు సైతము వాకిటి చెంతనే మంచినీరు లభించెను.

ఈ మహాకార్యమునకై తనకు న్యాయముగా రావలసిన పెద్దమొత్తమును డార్సీ స్వీకరింపలేదు. పౌరులు సమర్పించిన బంగారు పతకమును, తన యింటికి జీవితాంతము ఉచితముగా నీరిత్తుమను గౌరవమును మాత్రము అంగీకరించెను. పారిస్ నుండి లియోన్ పోవు రైలుమార్గము డిజోన్ మీదుగా సాగుటకును ఆతడు మిక్కిలి పాటుపడెను. అయినను 1848లో ఫ్రాన్సులో విప్లవము చెలరేగి ప్రభుత్వము మాఱగా, రాజకీయ కారణములచే ఆతనిని స్వస్థలమునుండి తొలగించి బూర్జ్ అను పట్టణమునకు పంపిరి. ఎవరి దాహము తీర్చెనో వారిని విడిచిపోవలసివచ్చినను ఆతడు క్రుంగిపోలేదు. అనంతరము పారిస్‌లో నీటి సరఫరా పనులను నిర్వహించుచు, గొట్టములలో నీటి ప్రవాహమును గూర్చి పరిశోధనలు గావించెను.

క్రమముగా ఆరోగ్యము క్షీణింపగా, పరిశోధనలకే అంకితమై 1855లో డిజోన్ నగరమునకు తిరిగివచ్చెను. నగరములందు నీటిని వడగట్టుటకు ఇసుకను వాడుచుండిరిగాని, ఎంత ఇసుకకు ఎంత నీరు వడియునో నిర్ణయించు సూత్రమేదియు లేకుండెను. డార్సీ, షార్ల్ రిట్టర్ అను ఇంజనీరు తోడ్పాటుతో, ఆ నగరపు ఆసుపత్రి ఆవరణమున 35 సెంటీమీటర్ల వ్యాసముగల ఇనుపగొట్టమును నిలువుగా నిలిపి, దానిలో సోన్ నది ఇసుకను నింపించెను. పైనుండి నీటిని పంపుచు, ఇసుకకు ఎగువను దిగువను పాదరసపు మట్టములతో ఒత్తిడిని కొలిపించెను. ఒత్తిడి మార్చిమార్చి, ఇసుక మందము మార్చిమార్చి ఓపికతో లెక్కలు వ్రాయించెను.

ఆ లెక్కలనుండి ఒక సులభమైన నియమము వెలువడెను. ఎగువ దిగువల ఒత్తిళ్ళ భేదము రెట్టింపైనచో, ఇసుకగుండ పోవు నీరును రెట్టింపగును. ఇసుక మందము రెట్టింపైనచో నీరు సగమగును. 1856లో ప్రకటించిన గ్రంథములో డార్సీ దీనిని వెల్లడించెను. భూగర్భజలముల గణనకు నేటికిని ఈ డార్సీ నియమమే పునాది.

ఈ నియమము నీటికే పరిమితము గాదు. వాయువులును రేణువుల నడుమ మెల్లగా సాగునపుడు ఇట్లే ప్రవర్తించును. కమ్మరి కొలిమిని చూడుడు. బొగ్గు ముక్కలుగా నున్నచో తిత్తిగాలి సులభముగా చొచ్చును; పొడి నిండినచో గాలి సాగక నిప్పు రాజుకొనదు. సందులు సన్నబడినకొలది వాయువు తన ఒత్తిడిని అధికముగా కోల్పోవుటయే కారణము. నెమ్మదిగా సాగు వాయువు విషయమున, సందుల పాలు మాఱకుండ రేణువుల వ్యాసము సగమైనచో ఈ ఒత్తిడి నష్టము నాలుగు రెట్లగును. వాయువు వేగముగా వీచునపుడు వేగముయొక్క వర్గమును బట్టి మఱికొంత నష్టము చేరును. ఈ రెండు నష్టములను కలిపి టర్కీదేశీయుడగు సబ్రీ ఎర్గున్ 1952లో ఒక సమీకరణమును కూర్చెను. విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారమువంటి చోట్ల పెద్దకొలుములలో ముడిఇనుము, కోకు బొగ్గుల నడుమ వేడిగాలి నిరాటంకముగా సాగవలెను. అందువలన మెత్తని పొడిని ముందుగా కాల్చి గడ్డలుగా మార్చెదరు.

డార్సీ తన నియమమునకు కలిగిన ఈ విస్తృతిని చూడలేదు. 1858 జనవరి ఆరంభమున పారిస్ నగరమున శ్వాసకోశవ్యాధితో మరణించెను. ఆతని భౌతికకాయమును డిజోన్ నగరమునకు తెచ్చి, ప్రజలు కన్నీటితో అంత్యక్రియలు జరిపిరి. ఆతడు తెచ్చిన నీరు నిలిచిన జలాశయము చెంతనున్న చౌకమునకు ఆతని పేరే పెట్టిరి.

ఊరి కష్టమును తన కష్టముగా నెంచినవానికి పిడికెడు ఇసుకయు గురువగును. విద్యార్థులారా! ఈ మాఱు పెన్న చెలమలో నీరూరుట చూచినపుడు డార్సీని తలచుకొనుడు. కంటికి సామాన్యముగా తోచినదానిని కొలిచి చూచుటకు పూనుకొనుడు.