వేలుపైన వీరుడు - గ్వాన్ యూ

చీనా దేశమున జనులు కొలుచు వేల్పులలో పలువురు ఒకప్పుడు నేలపై నడచిన మానవులే. వారిలో మిక్కిలి ప్రసిద్ధుడు గ్వాన్ యూ. యుద్ధమున ఓడి, పగవారిచేత శిరచ్ఛేదము పొందిన ఈ సేనాని, మరణించిన దాదాపు పదునాలుగు శతాబ్దులకు చక్రవర్తి బిరుదము గల దేవుడయ్యెను. దీనికి మూలము ఆతని నడవడియందే కలదు.

గ్వాన్ యూ నేటి షాన్‌షీ రాష్ట్రమున, ఉప్పు సరస్సునకు పేరొందిన షియె ప్రాంతమున జన్మించెను. స్వస్థలమును విడిచి పారిపోయి, ఈశాన్యమున నున్న జ్వో సీమను చేరెను. హాన్ వంశపు పాలన సడలి, 184లో పసుపు తలపాగాల తిరుగుబాటు చెలరేగిన కాలమది. అచ్చట సేనను కూర్చుకొనుచున్న ల్యూ బే అను నాయకుని ఆతడును, జాంగ్ ఫే అను మరియొక వీరుడును ఆశ్రయించిరి. మువ్వురును అన్నదమ్ములవలె మెలగిరి. అయినను నలుగురిలో గ్వాన్ యూ దినమెల్ల ల్యూ బే చెంత సేవకునివలె నిలుచుండెడివాడు.

200లో ల్యూ బే ఓడి పారిపోగా, గ్వాన్ యూ త్సావ్ త్సావ్ చేతికి చిక్కెను. హాన్ చక్రవర్తి పేరిట అధికారము నెరపుచున్న త్సావ్ త్సావ్ ఆతనిని బంధింపక, పదవులతో కానుకలతో సత్కరించెను. గ్వాన్ యూ ఆ ఋణమును ఉంచుకొనలేదు. బైమా కడ శత్రుసేనాని యెన్ ల్యాంగును చంపి దానిని తీర్చెను. పిదప కానుకలన్నింటిని ముద్ర వేసి అచ్చటనే విడిచి, నిలువ నీడలేని తన ప్రభువును వెదకికొనుచు పోయెను. త్సావ్ త్సావ్ ఆతనిని వెంబడింపవలదని తనవారిని వారించెను.

219లో గ్వాన్ యూ ఫాన్ కోటను ముట్టడించెను. హాన్ నది పొంగి శత్రుసైన్యమును ముంచివేయుటచే ఆతని కీర్తి దేశమెల్ల వ్యాపించెను. ఇంతలో సున్ చ్వాన్ సేనాని ల్యూ మెంగ్ వెనుకనుండి జింగ్‌జౌ సీమను ఆక్రమించెను. సేన చెదరిపోగా గ్వాన్ యూ కుమారునితో కూడ పట్టుబడి, 220 ఆరంభమున వధింపబడెను. దేహమును దాంగ్‌యాంగులోను, శిరస్సును ల్వోయాంగులోను పాతిపెట్టిరని ప్రతీతి.

అకాలముగ చంపబడినవాని ఆత్మ శాంతింపదని చీనీయులు తలచెడివారు. అట్టి భయముతో కూడిన భక్తియే క్రమముగ పూజగా మారెను. దేవుని సాన్నిధ్యమును, కోరిక తీర్చు ప్రభావమును వారు లింగ్ అను ఒక్క మాటతో తెలుపుదురు. కొత్త విగ్రహమునకు కుంచెతో కన్నులు తీర్చి దైవమును ఆవాహన చేయుదురు. మొర ఆలకించు దేవుని గుడినుండి ధూపపాత్రలోని బూడిదను కొనిపోయి వేరొక ఊర గుడి నెలకొల్పుదురు. పలుకని దేవుని గుడి క్రమముగ పాడుపడును. ప్రజల నమ్మికను ప్రభుత్వమును గుర్తించి దేవతలకు బిరుదములొసగెడిది. 12వ శతాబ్ది ఆరంభమున సోంగ్ చక్రవర్తి హ్వేజోంగ్ గ్వాన్ యూకు రాజబిరుదమిచ్చెను. 1614లో మింగ్ చక్రవర్తి వాన్‌లీ ఆతనిని దైవచక్రవర్తిగ ప్రకటించెను.

షాన్‌షీ వర్తకులు తాము పోయిన పట్టణములందెల్ల ఆతనికి గుళ్లు కట్టించిరి. ధనమును విడిచి పోయిన వీరుడు ధనదేవత యగుట వింతగ తోచవచ్చును. కాని మాట తప్పనివాని యెదుట చేసికొనిన ఒప్పందమే నిలుచునని ఆ వర్తకుల విశ్వాసము. హాంకాంగు అంగళ్లలోను, పోలీసు ఠాణాలలోను నేటికిని ఎఱ్ఱని మోముతో నిలిచియున్న ఆ మూర్తికి ధూపము వేయుచునే యున్నారు. రణమున నేలకూలిన వీరుని జనుల హృదయములందు నిలిపినది ఆతని విశ్వాసపాత్రతయే.